పేర్లు అక్కర్లేని క్లాసు

మా హోటల్ లాండ్రీలో పనిచేసేవాళ్ళందరికీ ఇంగ్లీషు నేర్పిస్తామని మేనేజర్ చెప్పగానే నాకు ఒళ్ళు మండింది. ఉక్కకు చచ్చిపోతున్నాం, ఇంకో ఫ్యాన్ పెట్టించండి మహాప్రభో అని నెత్తీనోరూ కొట్టుకున్నా వినని మనిషికి మా చదువు మీద హఠాత్తుగా ఇంత ప్రేమేమిటి? అందులోనూ ఎవరో అతిథి కోటు కనిపించడం లేదని గొడవ జరిగిన మర్నాడే!

ఆ కోటు ఎక్కడికీ పోలేదు. పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే నా తోటికోడలు దాన్ని కాల్చింది, నేను పాత దుప్పట్ల అడుగున దాచాను. సంగతి మా ఇద్దరికే తెలుసు. బయటపడితే దాని ఉద్యోగం ఊడుతుంది. మా మరిది మంచాన పడ్డాక వాళ్ళింటికి ఆ జీతమే ఆధారం.

టీచరమ్మది చిన్న వయసు, మెత్తని మాట. తొలిరోజే సమ్‌వన్, ఎనీవన్, ఎవ్రీవన్, నోబడీ అని బోర్డు మీద రాసింది.

"ఎవరో, ఎవరైనా, అందరూ, ఎవరూ కాదు. వీటితో ఇక్కడ మీరు చూసినవే చెప్పండి. పేర్లు అక్కర్లేదు" అంది.

పేర్లు అక్కర్లేదట! కూపీ లాగేవాళ్ళు మొదట అనేది అదే కదా.

బట్టలు మడతపెట్టే ముసలాయన లేచి, "సమ్‌వన్ స్లీప్స్ ఇన్ స్టోర్‌రూమ్" అన్నాడు. ఆ నిద్రపోయేది ఆయనేనని తెలిసి అందరూ పగలబడి నవ్వారు. మర్నాడు స్టోర్‌రూమ్‌కి తాళం పడింది.

"చూశావా? ఆవిడ టీచరు కాదే, మేనేజర్ చెవి" అన్నాను తోటికోడలితో.

"నువ్వు నీ నీడను కూడా నమ్మవక్కా" అంది. దానికి ఆ క్లాసంటే ప్రాణం.

నేను ఊరుకోలేదు. ఆవిడ ముందు నోరు విప్పొద్దని అందరికీ నూరిపోశాను. తర్వాతి క్లాసులో అంతా బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. పాపం, ఆవిడ ముఖం చిన్నబోయింది. అది చూడలేక కాబోలు, నా తోటికోడలు లేచి, "సమ్‌వన్ బర్న్‌డ్ ఎ కోట్!" అనేసింది. నేను కాలు తొక్కేలోపే మాట జారిపోయింది.

టీచరమ్మ దాని ముఖంలోకే చూసింది. "వాక్యం బాగుంది" అని బోర్డు తుడిచేసింది. తలుపు వెనక బూట్ల చప్పుడు వినిపించింది.

మర్నాడు ఆవిడ రాలేదు.

"తీసేశారమ్మా" అన్నాడు వాచ్‌మన్. "సారు తలుపు వెనక నుంచి విన్నాడు గానీ గొంతు ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. ఎవరో చెప్పమని ఆవిడ మీద గయ్యిమన్నాడు. క్లాసులో మాట బయట చెప్పనని ఆవిడ మొండికేసింది."

"నమ్మకు, ఇదీ ఎరే" అన్నాను నేను.

తోటికోడలు ఏప్రన్ విప్పేసింది. "ఎరైతే కానీ అక్కా. నా మూలాన ఆవిడ రోడ్డున పడ్డది నిజమైతే?"

చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని మేనేజర్ గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు సగం తెరిచే ఉంది.

"కోటు కాల్చింది నేనే సార్. టీచరమ్మకేం తెలీదు."

"ఒక్కదానివే దాచావా? ఇంకెవరికి తెలుసు?" అని ఆయన అరిచాడు.

"నోబడీ సార్" అంది.

వెనక్కి తిరిగి నావైపు చూడను కూడా లేదు. అందరినీ అనుమానించిన నన్ను అది ఒక్క మాటతో కాపాడేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇస్త్రీపెట్టె ఆపేసి నేనూ ఆ గదిలోకి నడిచాను.