ఆరో నంబరు అత్త

గడికొక అక్షరం చొప్పున మీరా సాహెబ్ ఒక నాంచారయ్యను కాగితం మీదికి దించుతున్నాడు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, నల్ల సిరా, కలం గడి గీతకు తగలకూడదు. ఇంటిపేరు కాస్త పొడుగుదైతే అసలు పేరుకు గడులు చాలవు. అప్పుడు నాంచారయ్యా నాంచారమ్మా ఇద్దరూ వట్టి ‘నాంచార’గా మిగిలిపోతారు. ఆడో మగో పక్క గడి చెప్పాలి. ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాలవి ఆ రెండు పేర్లే కావడంతో ఆయన పక్క గడులు మరోసారి సరిచూసుకుని, మీసాల్లో నవ్వుకుని, కాగితాన్ని రాసేసిన దొంతి మీద పెట్టాడు.

అరవైకి దగ్గరపడిన మనిషి. సన్నటి ఒళ్లు, పొట్టి గడ్డం, కుడిచేతి నడివేలి మీద కలం ఒరుసుకుని ఒరుసుకుని కాసిన కాయ. తెల్లచొక్కా మోచేతుల దగ్గర చిరిగితే భార్య ఖాతూన్ లోపలినుంచి అతుకు వేసింది. ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం, తెలిసినా ఏం పోయిందని ఈయన ధీమా. పెడన నుంచి పొద్దుటి ప్యాసింజరెక్కి బందరులో దిగుతాడు. స్టేషను నుంచి రేషను కార్డుల ఆఫీసుకు నడిచి వస్తాడు. దారిలో టీ తాగుతాడు. రావడం ఆలస్యమైన రోజు లేదు, వచ్చినట్టు ఎవరైనా గమనించిన రోజూ లేదు.

ఆఫీసులో ఆయన తాత్కాలికపు నకలు గుమాస్తా. ఈ వైపు కుటుంబాల వివరాలన్నీ హైదరాబాదులో కంప్యూటరుకు ఎక్కిస్తారని, అందుకు గడుల కాగితాల్లోకి మార్చి పంపమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మార్చడమంటే అంత తేలిక కాదు. గుడివాడ రిజిస్టర్లు కార్డు నంబరు వరసన ఉన్నాయి, బందరువి వీధి వరసన. దివిసీమవి ఏ వరసనా లేవు. పాతవి రెండేళ్ల కిందటి ఉప్పెన పట్టుకుపోయింది. ఆ తరవాత శిబిరాల్లో వలంటీర్లు తిరిగి, బతికున్నవాళ్లు ఏం చెబితే అది రాసుకున్నారు. ‘నీకేమవుతాడు’ అని అడిగితే మనవాళ్లు పిలిచే పిలుపే చెబుతారు. దాంతో ‘మావయ్యా’ అని పిలిచిన ప్రతివాడూ వలంటీరు కలానికి మేనల్లుడైపోయాడు. ఒక ముసలాయనకైతే ఊరు ఊరంతా మేనల్లుళ్లే. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు రాశారని పెద్ద గుమాస్తా గంగాధరరావు విసుక్కుంటాడు.

మీరా సాహెబ్ విసుక్కోడు. పెడనలో ఎనిమిదో తరగతి చదువుతుండగా అతని దస్తూరి చూసి ఒక దస్తావేజుల లేఖరి నకళ్లకు పెట్టుకున్నాడు. అప్పటినుంచీ ఇదే పని. దస్తావేజులకు నకళ్లు, తీర్పులకు నకళ్లు, శుభలేఖలు, మసీదు ప్రకటనలు. ఎక్కడా పర్మినెంటు కాలేదు, ఎక్కడా పొమ్మనిపించుకోలేదు. మూలంలో తప్పుంటే నకలులోనూ అదే తప్పు, అదే చోట. పాత గ్రంథంలో చచ్చిన ఈగ అంటుకుని ఉంటే, ఇంకో ఈగను చంపి నకలులో అదే చోట అంటించిన లేఖకుడి కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. అందుకే ఆఫీసులో ఆయనకు ‘మక్కీకి మక్కీ సాహెబు’ అని పేరు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం. ఇన్నేళ్లలో సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు, రాయాలనీ అనిపించలేదు.

“సాహెబ్ గారూ, సాయంత్రం బండికి ట్రంకుపెట్టెలు వెళ్లిపోవాలండీ. ఇంకా ఎన్నున్నాయి?” గంగాధరరావు గుమ్మంలోంచి అడిగాడు. మంచివాడే, కాకపోతే గాభరా మనిషి.

“ఒక్కటే సార్. ఇద్దరత్తల ఇల్లు. కబురంపాం, వస్తారు.”

పెట్టెలు వెళ్తే ఈ పని అయిపోతుంది. పనితోపాటు ఆయన కొలువూ ఈ సాయంత్రంతో సరి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

ఇద్దరత్తల ఇల్లు హంసలదీవి పక్క పల్లెలోది. ఇంటి యజమాని చిట్టెమ్మ, వితంతువు. రిజిస్టరులో ఆ పేరు కింద ‘గంగమ్మ, అత్త’ అని రాసి కొట్టేసి ఉంది, ఉప్పెనలో పోయింది. ఆ కింద ‘పాపాయమ్మ, అత్త’. ఈవిడ బతికే ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన పుస్తకంలో ఒక్కో చుట్టరికానికి ఒక్కో నంబరు. భర్తకు ఒకటి, అత్తగారికి ఆరు. ఏ నంబరుకూ లొంగనివాళ్లకు తొమ్మిది, అంటే ఇతరులు. తొమ్మిది పడినవాళ్ల పేరు ఆ ఇంటి కార్డులో ఉండదు. సొంత ఇల్లుంటే విడిగా కార్డిస్తారు. ఇల్లు లేనివాళ్లకు ఏ కార్డూ లేదు, బియ్యం లేవు, కిరసనాయిలు లేదు.

మధ్యాహ్నం నమాజుకు వెళ్లి తిరిగొచ్చేసరికి వరండాలో ఇద్దరాడవాళ్లు కూర్చుని ఉన్నారు. కోడూరు దాకా నడిచి, అక్కడినుంచి బస్సులు మారి వచ్చారు. చిట్టెమ్మకు ముప్పై లోపే ఉంటాయి. చేపల గంపలు మోసిన మెడ, నిటారుగా నిలబడే మనిషి. పాపాయమ్మ ముడుచుకుపోయిన ముసలిది, కళ్లు మాత్రం చురుకు. మీరా సాహెబ్ ఇద్దరినీ లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోమన్నాడు. వాళ్లు నేలమీదే కూర్చున్నారు.

“అమ్మా, పాపాయమ్మ గారు మీకేమవుతారు?”

“అత్తండీ,” అంది చిట్టెమ్మ.

“ఏ అత్త? మీ ఆయన తల్లి గంగమ్మ గారని ఉంది కదా.”

“అవునండీ. ఆయనా, ఆవిడా ఒక్క రాత్రే పోయారండి.”

మీరా సాహెబ్ వేలు కింది వరసకు జరిపాడు. “మరి ఈవిడ మీ నాన్నగారి అక్కచెల్లెలా?”

“కాదండీ.”

“మేనమామ భార్యా?”

“కాదండీ.”

పాపాయమ్మే అందుకుంది. “పిలుపండి బాబూ. సిబిరంలో పక్కపక్కన పడుకున్నాం. రేత్రులు ఉలిక్కిపడి లేచి ఏడిసేది, నేను ఈపు నిమిరేదాన్ని. అత్తా అంది, పలికాను. కాలనీలో ఇల్లిచ్చాక నన్నూ రమ్మంది. అంతకుమించి ఏం లేదండి.”

గంగాధరరావు వచ్చి వెనక నిలబడ్డాడు. “పిలుపుకు నంబరు లేదమ్మా,” అన్నాడు. తొమ్మిదంటే ఏమిటో, పడితే ఏమవుతుందో వివరంగా చెప్పాడు. చెబుతున్నప్పుడు ముసలిదాని మొహం చూడలేక పుస్తకంలోకి చూశాడు. “మీకు పిల్లల్లేరా?”

“ఒక్కడున్నాడండి, నూకరాజని. గిలకలదిండిలో బోటు మీద పని. పడుకునేదీ తినేదీ ఆ బోటు మీదే. కొంపా లేదు, కార్డూ లేదు.” పాపాయమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచింది. “కొట్టేయండి బాబూ నా పేరు. దాని కార్డుకి ఏ ఇబ్బందీ రాకూడదు. నాదేముంది, ఒక్క పొట్ట.”

మీరా సాహెబ్ కలం సిరాలో ముంచాడు. గడి ఖాళీగా ఉంది. మూలంలో అత్త అనుంది, అడిగితే కాదని తేలింది. ఇక రాయాల్సింది తొమ్మిదే. ఆ అంకె వెయ్యడానికి చెయ్యి రావడం లేదు. ఎన్ని ఇళ్ల వేలంపాటలకో, ఎన్ని విడాకులకో తడుముకోకుండా నకలు రాసినవాడు. ఇవాళ ఈ తోకున్న సున్నా దగ్గర ఆగిపోయాడు. ఆయనకే చిరాకు వేసింది.

“సాయిబు గారూ,” అంది చిట్టెమ్మ. “ఆరంటే ఏ అత్తండీ?”

“భర్త తల్లి అమ్మా.”

“అయితే ఆరే ఏసుకోండి.”

“ఆవిడ గంగమ్మ గారు కదా?”

“ఆవిడ పోయినాయన తల్లండి.” చిట్టెమ్మ కాలి బొటనవేలితో నేలమీద గీస్తోంది. “ఈవిడ నూకరాజు తల్లి.”

పాపాయమ్మ తిరిగి చూసింది.

“ఏ నూకరాజే?”

“నీకెంతమంది నూకరాజులున్నారు?”

ముసలిది ఉన్నచోటే చతికిలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట ఎవరికీ తెలియలేదు. రెండూ చేస్తోంది. “ఈ సంగతి వాడికి తెలుసా ఏమే?”

“బోటు ఒడ్డుకొచ్చినప్పుడల్లా వస్తాడు. అరుగు మీద కూకుంటాడు, చేపలు పెడతాడు, గడప తొక్కకుండా పోతాడు. తెలవకపోతే అంత దూరం దేనికి వస్తాడు? నిన్ను చూడ్డానికా?”

“నన్ను చూడ్డానికే అనుకున్నానే!” అని పాపాయమ్మ గంగాధరరావు వైపు తిరిగింది. “మాలో మారుమనువు తప్పు కాదు బాబూ. నా మనసులోనూ ఉంది. వాడికా నోట్లో నాలుక లేదు. నేనడుగుదామంటే, ఇది పెట్టిన కూడు తింటా దాన్నే కోడలిగా రమ్మంటే బాగుంటదా? అందుకే నోరు కుట్టుకున్నాను.”

గంగాధరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అదంతా బాగానే ఉందమ్మా. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, మనువు కాకుండా ఎలా రాస్తాం? అయ్యాక రండి, మారుద్దాం.” తరవాత ఆయనే నసిగాడు. “మార్పుల ఫారాలు ఎప్పుడొస్తాయో నాకే తెలియదనుకోండి.”

మీరా సాహెబ్ చిట్టెమ్మనే చూస్తున్నాడు. ఇద్దరు మగవాళ్ల ముందు, ఆఫీసులో, ఆడమనిషి నోరు విప్పి అంత మాట అంది. ఆ మాటకు మూలం ఎక్కడా లేదు, ఆవిడే మూలం. ఆయన కలం మళ్లీ ముంచి, చిట్టెమ్మ పేరు కింద కొత్త వరస మొదలుపెట్టాడు. అక్షరం వెనక అక్షరం, నూకరాజు. చుట్టరికం గడిలో ఒకటి. ఇన్నేళ్లలో ఏ కాగితాన్నీ చూడకుండా ఆయన రాసిన మొదటి వరస అది. చెవులు వేడెక్కాయి.

“సాహెబ్ గారూ! ఏం రాస్తున్నారు?”

“ఆవిడ చెప్పింది రాస్తున్నాను సార్.”

గంగాధరరావు వంగి చూశాడు. “మనువు ఎప్పుడమ్మా?”

“బోటు ఒడ్డుకు రాగానే,” అంది పాపాయమ్మ. “మళ్లీ ఎక్కనిస్తానా!”

“పెట్టెలు హైదరాబాదు చేరాలి. అక్కడ దింపాలి, తెరవాలి, కంప్యూటరు కార్డులకు చిల్లులు కొట్టాలి,” గంగాధరరావు తనలో తాను లెక్క వేసుకున్నట్టు గొణిగాడు. “యంత్రం చదివేనాటికి ఇది అబద్ధం కాదు.” అని కలం జేబులోంచి తీసి అడుగున సంతకం చేశాడు.

పాపాయమ్మ పేరెదురుగా ఆరు పడింది. నూకరాజు వయసు అడిగితే, ఈ ఉప్పెన కాదు, వెనకటి పెద్ద గాలివాన ఏడు చంకలో ఉన్నాడంది పాపాయమ్మ. మీరా సాహెబ్ లెక్కగట్టి ముప్పై వేశాడు. సిరా తడి అద్ది, ఆడవాళ్లిద్దరి చేతా వేలిముద్రలు వేయించాడు. చిట్టెమ్మ చేతులు జోడించింది. ముసలిది మాత్రం ఆయన చెయ్యి పట్టుకుంది. “నాయనా, నీ పెళ్లాం చేతి గాజులు చల్లగా ఉండాల. ఇప్పుడు గిలకలదిండి పోయి ఒడ్డున కూకుంటాం. మనువు కుదిరిందని వాడికి కూడా చెప్పాలి కదా!”

వాళ్లు వరండా దిగి వెళ్తుంటే ముందు చిట్టెమ్మ, వెనక ముసలిది. గేటు దగ్గర చిట్టెమ్మ ఆగి, ముసలిదాన్ని ముందుకు నడిపించింది.

సాయంత్రం పెట్టెలకు తాళాలు పడ్డాయి, రిక్షాలెక్కి స్టేషనుకు వెళ్లిపోయాయి. మీరా సాహెబ్ కలం కడిగి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. గంగాధరరావు గుమ్మం దాకా వచ్చాడు.

“రేపటినుంచి ఏం చేస్తారు సాహెబ్ గారూ?”

“మా ఆవిడ దుప్పట్లకు అద్దకం వేస్తుంది సార్. అచ్చు పక్కన అచ్చు కొట్టాలి, అంతే. అదీ నకలు పనే.” నవ్వాడు. “ఇవాళ ఆఫీసులో ఏం చేశావని అడిగితే, ఒక పెళ్లి చేశానని చెబుతాను. నమ్మదు.”

“నేనూ ఉన్నానని చెప్పండి,” అన్నాడు గంగాధరరావు. ఆయన చెయ్యి పట్టుకుని వదిలాడు.

మీరా సాహెబ్ వరండా దిగి, రోజూ వెళ్లినట్టే స్టేషను వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు. చూడాలనీ ఆయనకు అనిపించలేదు.

గది తాళం వెయ్యడానికి వచ్చిన అటెండరు సీతారామయ్య కుర్చీని బల్లకిందికి నెట్టి, కిటికీ రెక్కలు మూశాడు. బల్ల మీద అద్దుడు కాగితం ఒక్కటే మిగిలి ఉంది, దాని మీద తిరగేసిన అక్షరాల్లో నూకరాజు పేరు ఇంకా నల్లగా కనబడుతోంది.