నీరసానికి గడి లేదు

మా ఆయన చొక్కా కాలర్‌ని ఇస్త్రీపెట్టెతో నొక్కుతున్నాను. వెనక నుంచి వచ్చి అన్నారు, "నీ పీహెచ్‌డీ అప్లికేషన్ పంపించేశాను. ఇక కంగారు పడకు."

"ఎవరు పంపమన్నారు?"

"ఒకరు చెప్పాలా? ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంది. గడువేమో ఇవాళ సాయంత్రం ఐదింటికి, నీకేమో ఇంటిపని తెమలదు. సరిచేసి మరీ పంపాను. మరీ వంటింటి భాష రాశావు."

స్విచ్ ఆపి లోపలికి పరిగెత్తాను.

నేను చేసేది ఆసుపత్రి కంప్యూటర్ సెక్షన్‌లో. డాక్టర్లు చీటీల మీద రాసింది సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం మా పని. జ్వరానికి ఒక గడి, నొప్పికి ఒక గడి, దగ్గుకి ఒక గడి. కానీ ఆడవాళ్లు వచ్చి చెప్పే మొదటి మాట "నీరసంగా ఉందండీ" అని. దానికి గడి లేదు. అందుకని మావాళ్లు "చెప్పుకోదగ్గ సమస్య లేదు" అన్న గడి నొక్కి ఊరుకుంటారు. వాళ్లలో కొందరు తర్వాత ఒంట్లో రక్తం లేక స్ట్రెచర్ మీద వస్తారు. పాత వివరాలు తెరిస్తే, అంతకుముందు వచ్చినప్పుడు వాళ్లకి ఏ సమస్యా లేదని ఉంటుంది. చూసి చూసి నాకు కడుపు మండిపోయింది. ఆ మాట ఎక్కడెక్కడ ఎలా మాయమైపోతోందో వెతుకుతానని అప్లికేషన్‌లో రాశాను. ఆ చదువుని హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అంటారు. మా అత్తగారు మాత్రం "కంప్యూటర్లకి వైద్యం చేసే చదువు" అంటారు.

తెర మీద చూశాను. "నీరసం" అన్న ప్రతిచోటా "అనారోగ్యం" అని ఉంది. ఒక్క దెబ్బతో అన్నీ మార్చేశారు. "స్త్రీలు తమ బాధను అనారోగ్యం అనే ఒక్క మాటతో చెబుతారు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో అనారోగ్యం అనే మాటకు గడి లేదు." ఆసుపత్రిలో అనారోగ్యానికి చోటు లేదట! ప్రొఫెసర్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

యూనివర్సిటీకి ఫోన్ చేశాను. "వెనక్కి తీసుకుని మళ్లీ పంపొచ్చమ్మా, కానీ ఐదు దాటితే మా చేతుల్లో ఏమీ ఉండదు. మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, చూసుకోండి" అంది అక్కడి ఆవిడ. వెనక్కి తీసుకోవడానికి నొక్కాను. నా ఫోన్‌కి ఏమీ రాలేదు. హాల్లో ఆయన ఫోన్ మోగింది.

"ఓటీపీ చెప్పండి" అన్నాను వెళ్లి.

"నా నంబరే ఇచ్చాను. నువ్వు డ్యూటీలో ఫోన్ ఎత్తవు కదా. అయినా వెనక్కెందుకు? పీహెచ్‌డీకి వెళ్తూ నీరసం అంటే ఎవరైనా నవ్వరూ?"

సోఫాలో మందులు సర్దుకుంటున్న అత్తగారు తలెత్తారు. "పాపం, వాడు కూర్చుని అంత శ్రమపడ్డాడు. సరేనంటే నీ సొమ్మేం పోయిందమ్మా?"

నాకు భయం వేసింది. ఆయన్ని చూసి కాదు. "పోనీలెండి" అన్న మాట అప్పటికే నా గొంతు దాకా వచ్చేసింది, దాన్ని చూసి. ఎన్నిసార్లు అన్నానో! ఇంటికొచ్చిన వాళ్లతో నేను ఏదైనా మొదలుపెడితే చాలు, "అంటే, తను చెప్పేదేంటంటే" అని ఆయన అందుకుంటారు. నేను కాఫీలు తేవడానికి లేస్తాను. అంత అర్థం చేసుకునే మొగుడు దొరకడం అదృష్టమని మా సెక్షన్‌లో వాళ్లంటే, నేనూ నిజమేననుకున్నాను. నేను చెప్పబోయింది అది కాదని ఒక్కసారైనా అనలేదు.

"ఓటీపీ" అన్నాను మళ్లీ.

"ముందు నేను చేసిన తప్పేంటో చెప్పు."

"చెప్తాను. ముందు నంబరు."

వాళ్లమ్మ వైపు చూసి, తాపీగా ఒక్కో అంకే చదివారు, దానం చేస్తున్నట్టు. పరిగెత్తి కొట్టాను. ఆ ఓటీపీకి గడువు దాటిందని వచ్చింది. మళ్లీ తెప్పించుకోవాలి. నాలుగున్నర దాటింది.

ఈసారి అడగలేదు. చెయ్యి చాచాను. "ఫోన్ ఇటివ్వండి."

ఆయన ఫోన్ నేనెప్పుడూ ముట్టుకోలేదు. చాచిన చెయ్యి దించలేదు. అత్తగారు "ఇదేం చోద్యం" అన్నారు. ఆయన నా మొహంలోకి చూసి, ఏమనుకున్నారో, ఇచ్చారు.

గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. కొత్తగా వచ్చిన ఓటీపీ కొట్టి అప్లికేషన్ వెనక్కి తీసుకున్నాను. ఒక్కో మాటా నా చేత్తోనే వెనక్కి మార్చాను. ఆయన నంబరు కొట్టేసి నాది రాశాను. పంపాను. అందిందని నా ఫోన్‌కి కబురొచ్చాక గానీ నాకు ఊపిరాడలేదు.

బయటికొచ్చి ఆయన ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. "అయిందా నీ పంతం? సరేలే, ఇంటర్వ్యూకి పిలిస్తే నా నంబరుకే చేస్తారుగా, నేనూ వస్తాను. నీకు నలుగురిలో మాట్లాడటం రాదు" అన్నారు.

"పిలిస్తే నన్ను పిలుస్తారండీ" అన్నాను. "మీకు చెప్పాలనిపిస్తే చెప్తాను."