చూద్దాం అన్న మెకానిక్కు

పళ్ళ డాక్టరమ్మ మేనమామకున్న చెవి లాంటి చెవి ఈ భూప్రపంచంలో ఇంకెవరికీ లేదు. నలభై ఏళ్ళు బస్సు నడిపిన చెవి అది. ఇంజను చప్పుడు వింటే చాలు, దాని జబ్బేమిటో, ఎప్పటి నుంచి ఉందో, కిందటిసారి దాన్ని విప్పిన మెకానిక్కుది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో కూడా చెప్పేస్తాడు. ఒకసారి మిట్టమధ్యాహ్నం కునుకు తీస్తున్నవాడల్లా లేచి కూర్చుని, వీధిలో పోతున్న లారీకి ఆయిలు తక్కువైందని ప్రకటించాడు. నిజంగానే తక్కువైంది!

అందుకే తన కారుకి సూపర్‌ఛార్జర్ పెట్టించాలనుకున్నప్పుడు డాక్టరమ్మ మామయ్యను వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఆమెది రెండు తలుపుల ఎర్ర కారు. ఆ రకం తయారు చెయ్యడం ఎప్పుడో మానేశారు. ఇంజను పాడైందా, ఇంకోటి దొరకదు. ఆ కారు కథ అంతటితో సరి. ఏటా జరిగే కొండదారి పందెంలో కిందటేడు ఆ కారు ఆమె అక్కమొగుడి కారు చేతిలో నాలుగు సెకన్ల తేడాతో ఓడిపోయింది. అప్పటి నుంచి బావ ఫోను చేసినప్పుడల్లా హలో అనడం మానేసి, "ఎక్కేశావా మరదలా, ఇంకా ఎక్కుతూనే ఉన్నావా?" అంటున్నాడు.

సూపర్‌ఛార్జర్ అంటే ఏం లేదు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, దాని బెల్టుతోనే తిరిగే ఓ మరను పెట్టి గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతారు. కుక్కిన గాలికి తగ్గ పెట్రోలు అందాలి, ఆ ఒత్తిడికి లోపలి భాగాలు ఆగాలి. తేడా వస్తే పిస్టన్లు మైనంలా కరిగిపోతాయి. కాబట్టి ఏ షాపుకి ఇవ్వాలన్నదే అసలు సమస్య. పందేనికి ఇంకా ఐదు వారాలున్నాయి.

మొదటి షాపులో నేల మీద మన మొహం మనకి కనబడుతుంది. యజమాని తెల్లచొక్కా మీద చిన్న ఆయిలు మరక కూడా లేదు.

"ముందు ఇంజను లోపల పరీక్ష చేస్తారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అయిపోతుందండీ."

"ఇప్పుడున్న పంపుతో పెట్రోలు సరిపోతుందా?"

"అయిపోతుందండీ."

"పెట్రోలా?" అన్నాడు మామయ్య.

యజమాని నవ్వి, కారుకి అంటించే స్టిక్కర్ల పుస్తకం చూపించాడు. ఇద్దరూ బయటికొచ్చేశారు.

రెండో షాపాయన్ని అందరూ గుర్రాలాయన అంటారు. ఇంజను బలం గుర్రాల్లో చెప్పడం తప్ప ఇంకో మాట రాదు. "నూట యాభై గుర్రాలు పెంచుతానమ్మా! ఇదిగో, పోయినేడు బిగించిన కారు" అంటూ ఫోనులో వీడియో చూపించాడు. కారు కనబడలేదు కానీ పొగ బ్రహ్మాండంగా ఉంది.

"ఆ కారు ఇప్పుడెక్కడుంది?"

"అమ్మేశారమ్మా."

"ఎవరికి?"

"చాలామందికి" అన్నాడు గుర్రాలాయన, కొంచెం గొంతు తగ్గించి.

మూడోది రేకుల షెడ్డు. పనిముట్లు గోడకి వరసగా వేలాడుతున్నాయి. మెకానిక్కు పేరు ఏదైనా గానీ, పిలిచేది నిదానం అని. ఆయన బానెట్ ఎత్తించాడు, ఇంజను తిప్పించాడు, పైన అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"సూపర్‌ఛార్జర్ బిగిస్తారా అండీ?" అంది డాక్టరమ్మ.

"చూద్దాం" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక చెప్పేదేముంది? సెలవు ఇవ్వని ఆఫీసరు చూద్దాం అంటాడు. మా ఇంటికి ఎప్పుడొస్తారని అడిగితే, రావడం ఇష్టం లేని చుట్టం చూద్దాం అంటాడు. మన భాషలో ఇంతకంటే మెత్తగా తలుపు మూసే మాట లేదు.

"మర్యాదస్తుడమ్మా. వద్దని మొహం మీద చెప్పలేకపోయాడు. పద" అన్నాడు మామయ్య.

కారు వెనక్కి తిప్పుతుంటే నిదానం గబగబా బయటికొచ్చి చెయ్యెత్తాడు. "టాటా చెబుతున్నాడు పాపం" అంటూ మామయ్య కిటికీలోంచి చెయ్యూపాడు.

దారిలో సలహా ఇచ్చాడు. "గుర్రాలాయనకిచ్చెయ్. నీ ఇంజను గడియారంలా ఉంది, నా చెవి పూచీ. ఎవరు బిగిస్తే ఏమిటి?"

ఆమెకు మనసు పీకుతూనే ఉంది. అయినా మామయ్య చెవి అంతటిదాయె! మర్నాడు సాయంత్రం కారు తెస్తానని గుర్రాలాయనకి ఫోను చేసింది.

మర్నాడు పొద్దున్న క్లినిక్కులో ఓ పెద్దాయన కుర్చీ ఎక్కి, "ఈ దవడ పంటికి ఇవాళే క్యాప్ తొడిగెయ్యండి" అన్నాడు.

"చూద్దాం" అంటూ ఆమె లైటు దగ్గరికి లాక్కుంది.

పెద్దాయన కుర్చీ దిగి చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టాడు. "మొహమాటం ఎందుకు తల్లీ? కుదరదంటే కుదరదని చెప్పు. ఇంకో డాక్టరు దగ్గరికి పోతాను."

"అయ్యో, కుదరదని ఎవరన్నారు బాబాయిగారూ? చూడకుండా ఎలా తొడగను? చూద్దాం అంటే..." అని ఆగిపోయింది.

బాబాయిగారి పన్ను పని ముగించి, మామయ్యను ఎక్కించుకుని, నేరుగా రేకుల షెడ్డుకి పోయింది.

"నిన్న వెళ్ళిపోయారేమిటండీ?" అన్నాడు నిదానం. "కారుని పైకెత్తే లిఫ్టు ఖాళీ చేసి వచ్చేసరికి మీరు టాటా చెబుతున్నారు."

"చూద్దాం అన్నారుగా?"

"చూద్దామనేగా అన్నాను!"

అప్పుడు చూశాడు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో ఒత్తిడి ఎంత నిలుస్తోందో గేజీ పెట్టాడు. మూడు బాగున్నాయి. నాలుగోదానికి ముల్లు బాగా కిందే ఆగిపోయింది.

"వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు. ఇలాగే బిగిస్తే కొండ సగంలో ఇంజను పోతుంది."

"పుచ్చిన పంటికి క్యాప్ అన్నమాట!"

"అన్నమాటే."

ఇద్దరూ మామయ్య వైపు తిరిగారు.

"గడియారం అన్నావు కదా మామయ్యా?"

"ఆగిపోయినవీ గడియారాలేనే" అన్నాడు మామయ్య, ఎటో చూస్తూ.

పాపం, నలభై ఏళ్ళు బస్సు ఇంజను పక్కనే కూర్చున్న చెవి. ఆ పక్క వినికిడి ఎప్పుడో పోయింది. లారీ సంగతంటారా? ఆ డ్రైవరు కిటికీ కిందే బండి ఆపి, "ఆయిలు ఎక్కడ దొరుకుతుంది పెద్దాయనా?" అని అరిచాడు. మంచి చెవి పైకి ఉండబట్టి వినబడింది.

డాక్టరమ్మ గుర్రాలాయనకి ఫోను చేసి రానని చెప్పింది. ముందు వాల్వు, తర్వాతే సూపర్‌ఛార్జర్ అన్నాడు నిదానం.

"పందెం నాటికి అవుతుందా?"

నిదానం నోరు తెరిచాడు.

"ఆ మాట మాత్రం అనకండి!" అంది.

ఆయన ఆలోచించాడు. "చూ... చేద్దాం" అన్నాడు.

చేశాడు. వాల్వు బాగుచేసి, పంపు మార్చి, సూపర్‌ఛార్జర్ బిగించి, రోలర్ల మీద కారు పరుగెత్తించి గాలీ పెట్రోలూ సరిచూసి, పందేనికి రెండు రోజుల ముందు తాళాలు చేతికిచ్చాడు.

కొండ పైకి చేరగానే డాక్టరమ్మ టైము అడగలేదు. బానెట్ ఎత్తి చెవి పెట్టింది. ఇంజను పొట్టనిండా తిన్న పిల్లిలా గురగురలాడుతోంది. ఆ తర్వాతే, బావను ఒకటిన్నర సెకన్లతో దాటిందని ఎవరో అరిచి చెప్పారు. బావ బకెట్టూ గుడ్డా పట్టుకొచ్చి, అందరూ చూస్తుండగా మరదలి కారు కడిగాడు.

బకెట్టు మాత్రం నా కల్పన. ఆ కొండ మీద నీళ్ళెక్కడివి? ఉత్త గుడ్డతో తుడిచాడు, అదీ ఒక్క అద్దమే.