మిగిలిన ఒక్క కార్డు

సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు లాంటి భాషలన్నిటికీ ఉమ్మడి తల్లి ఒకతె ఉండేది. ఆవిడ మాటల్ని ఎవరూ రాసిపెట్టలేదు. పిల్లల పోలికలు చూసి తల్లి మొహం ఊహించినట్టు, ఆ మాటల మూలాలు పట్టుకోవడమే మా ఆయన నిఘంటువు పని. మూలానికో కార్డు. ఆయన చెబుతారు, నేను రాసి చదివి వినిపిస్తాను, "సరే, పంపు" అంటారు. ముప్ఫై ఏళ్ళుగా మా కాపురం ఇదే.

ఇప్పుడు ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇంక కొన్ని వారాలే అన్నాడు డాక్టరు. ఒక్క కార్డు మిగిలింది. అది లేనిదే అచ్చు మొదలుపెట్టనని ప్రెస్సువాడు భీష్మించుకు కూర్చున్నాడు.

'విడిపోవడం' అనే అర్థమున్న ఆ కార్డు మూలానికి పుట్టిన మాట విధవ.

రోజూ పొద్దున్నే కలం తీసేదాన్ని. "ఇవాళ ఆయాసంగా ఉంది" అనేవారు. కార్డులు ప్రెస్సుకి చేర్చే గుమాస్తాని రోజుకి పదిసార్లు "వెధవా" అని తిట్టిన మనిషి! ఆ తిట్టూ ఈ మాట బిడ్డే. నా చేత రాయించడానికి మాత్రం నోరు రాలేదు. నాకు ఒళ్ళు మండింది. చివరికి నేనే రాసుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

"నీకెందుకే ఆ మాట?" అన్నారు.

"రేపు అందరి నోటా వినేదేగా. ముందు మీ దగ్గర విననివ్వండి."

చదివాను. సంస్కృతంలో విధవా, లాటిన్‌లో విదువా, రష్యన్‌లో వ్దోవా, ఇంగ్లీషులో విడో.

ఆయన ఊరుకోలేకపోయారు. "ఒకటి వదిలేశావు. విధవలో 'వి' అంటే 'లేని' అనుకుని, అది తీసేసి, మొగుణ్ణి 'ధవుడు' అనడం తర్వాత మొదలైంది."

"అంటే పెళ్ళాం విధవయ్యాకే మొగుడు పుట్టాడన్నమాట!"

నవ్వారు. నవ్వు దగ్గయింది, రుమాలు ఎర్రబడింది. తేరుకున్నాక ఆ వాక్యం చేర్పించి, "సరే, పంపు" అన్నారు. గుమాస్తా కార్డు పట్టుకుని మెట్లు దిగుతున్న చప్పుడు ఇద్దరం విన్నాం.

"అయితే ఇంక నాకు పనేం లేదన్నమాట" అని గోడవైపు తిరిగారు.

మధ్యాహ్నం మందు వద్దన్నారు. సాయంత్రం పాలు వద్దన్నారు. మూడో రోజు పోయారు.

నా మనసు నొప్పించడం ఇష్టంలేక ఆ కార్డు ఆపారనుకుని కోపం తెచ్చుకున్నాను. అది మిగిలి ఉన్నంతకాలం ఆయనకి చావడానికి తీరిక లేదని నాకు తట్టలేదు. ఆ తీరిక నేనే దగ్గరుండి ఇచ్చాను.