చప్పట్ల ట్రిప్పు

ఆసుపత్రి రూటు బస్సుని ఆ పూట మంత్రిగారి మీటింగుకి పంపమని పైనుంచి ఆర్డరు వచ్చింది. డ్రైవరు గొణుక్కుంటూనే జనాన్ని ఎక్కించుకుని మైదానానికి తోలుకెళ్ళాడు. బస్సులకి సర్కారు ఇచ్చే డబ్బు గురించే మీటింగట. పోనీలే, నాలుగు కొత్త టైర్లయినా వస్తాయేమో అనుకున్నాడు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఖాళీ బస్సులకి ప్రజల సొమ్ము ధారపోయలేం. ఈ ఉదయమే మనవాళ్ళు సర్వే చేశారు. ఆసుపత్రి రూటులో ఒక్కరంటే ఒక్కరు బస్సెక్కలేదు. రేపటి నుంచి ఆ రూటుకి నిధులు బంద్."

డ్రైవరు మోసుకొచ్చిన జనమే చప్పట్లు కొట్టారు.

అతనికి ఒళ్ళు మండిపోయింది. పక్కనే ఉన్న డిపో మేనేజరుని పట్టుకుని, "బస్సు ఇక్కడుంటే అక్కడ జనం దేన్ని ఎక్కుతారు సార్, కరెంటు స్తంభాన్నా?" అని అడిగాడు.

"నాకు తెలీదా? నోరు మూసుకుని బండి దగ్గరికి పో," అన్నాడు మేనేజరు, వేదిక వైపు చూస్తూ తనూ చప్పట్లు కొడుతూ.

మీటింగయ్యాక జనాన్ని దింపేసి వస్తుంటే ఆసుపత్రి స్టాపులో పిన్ని కనబడింది. ఆవిడ అక్కడ వార్డులు తుడుస్తుంది. నైట్ డ్యూటీ దిగినప్పటి నుంచి బస్సు కోసం చూసి చూసి, చెప్పులు విప్పి వాటి మీదే కూర్చుంది.

"పొద్దున్నించీ ఏ గంగలో కలిశావురా? ఎవడో సర్వే అంటూ వచ్చాడు. స్టాపు నిండా మేముంటే, ఎవరూ ఎక్కలేదని రాసుకుపోయాడు."

"అది చెబితే చప్పట్లు కొట్టడానికి మనుషులు కావాలన్నారు పిన్నీ. మన బస్సు నిండా ఎక్కించుకెళ్ళాను."