పదకొండు మొదటి పేజీలు

ఆ గ్రంథాలయంలో ఏడాదికొక పుస్తకం తయారయ్యేది. పాఠకులు తమ చేతిరాతతో ఇచ్చిన కాగితాలన్నీ కలిపి బైండరు కుట్టేవాడు. ఉన్నది ఒకటే ప్రతి. ఏడాదంతా బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు.

అందులో తన కథ ఉండాలని పిచ్చుక తల్లికి మూడు నెలలుగా ఒకటే ఆరాటం. పిచ్చుక ఆమె మూడేళ్ళ కూతురు. రోజంతా కిచకిచలాడుతుందని పెట్టుకున్న ముద్దుపేరు. భర్తకు గోదాములో పని. పిల్ల లేవకముందే వెళ్ళి, పడుకున్నాక వస్తాడు. నోరు తెరిస్తే మాటకన్నా ముందు ఆవులింత వస్తుంది. పగలంతా ఆమెతో మాట్లాడే మనిషంటూ ఉంటే అది పిచ్చుకే.

కథ పుట్టిందీ అందులోంచే. ఒకరోజు దుకాణానికి వెళ్ళి, పిల్లతో మాట్లాడే అలవాటులో "ఎర్ర గుండీలు ఉన్నాయా, బజ్జున్నాయా?" అని అడిగేసింది. "లేపమంటారా అమ్మా?" అన్నాడు దుకాణదారు. ఇంటికొచ్చి పడీపడీ నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

చిత్తుగా రాయడానికి రెండు మధ్యాహ్నాలు చాలాయి. సాపు చేయడం దగ్గరే బండి కూరుకుపోయింది. చదువు తొమ్మిదో తరగతితోనే ఆగిపోయింది కదా, ఒక్క కొట్టివేత కనబడినా "చదువులేనిది రాస్తే ఇంతే" అంటారని భయం. కొట్టివేత పడిన కాగితం చింపేసేది. శుభ్రంగా వచ్చినది కూడా ఏదో వెలితిగా ఉందని పక్కన పెట్టి మళ్ళీ మొదలెట్టేది. గానుగెద్దు ఎంత నడిస్తే మాత్రం ఊరు దాటుతుందా?

కాగితాలు ఇవ్వాల్సిన ఆఖరి రోజు రానే వచ్చింది. మిగతా పేజీలు అక్కడే కూర్చుని సాపు చేద్దామని, కాగితాల సంచి భుజాన, పిల్లను చంకన వేసుకుని పరుగెత్తింది.

గ్రంథాలయం చూసుకునే పెద్దావిడ ఒక కాగితం చదివింది. రెండోది తిప్పింది. మూడోది తిప్పింది.

"అమ్మాయ్, నీ కథలో ఈవిడ ఇంకా గడప దాటలేదేంటి? ఇందులోనూ గడపలోనే ఉంది. ఇందులోనూ అంతే. చెప్పులు దొరకలేదా ఏం?"

సంచిలో ఉన్నవి పదకొండూ మొదటి పేజీలే. వాటిలో ఏది మేలో తేల్చుకోలేక అన్నీ సర్దుకుంది గానీ, అసలు చిత్తుప్రతి మంచం మీదే ఉండిపోయింది. ఇంటికి వెళ్ళి రావాలంటే గంట.

"అరగంటలో కుట్టు మొదలెడతానమ్మా. తర్వాత నువ్వు బతిమాలినా కాగితం దూరదు," అన్నాడు బైండరు, దారానికి మైనం రుద్దుతూ.

"గుర్తుందా కథ?" అంది పెద్దావిడ.

"ఉందండీ. కానీ చిత్తు చూడకుండా..."

"నీ కథేగా, పక్కింటామెది కాదుగా? కూర్చో."

కూర్చుని రెండో పేజీ మొదలెట్టింది. పిచ్చుక ఎడమ భుజం మీదే నిద్రపోయింది. నాలుగో వరుసలో మాట తప్పింది. కొట్టేసింది. కొట్టేసిన మరుక్షణం కుడిచెయ్యి కాగితం అంచు పట్టుకుంది. లాగితే కాగితం జరిగింది గానీ చిరగలేదు. చింపడానికి రెండో చెయ్యి కావాలి. అది పిల్ల వీపు చుట్టూ ఉంది. దించితే లేస్తుంది. లేస్తే అరగంటా హుష్‌కాకి.

కాగితం వదిలేసి, కొట్టివేత పైన ఇంకో మాట రాసింది. కాసేపటికి చిత్తులో లేనిదొకటి దానంతటదే వచ్చింది: 'అవసరం లేకపోయినా ఇంకో డజను గుండీలు అడిగాను. లెక్కపెడుతున్నంతసేపూ మాట్లాడతాడని.' చదువుకుంటే సిగ్గేసింది. కొట్టేయలేదు.

మూడు పేజీలు, తొమ్మిది కొట్టివేతలు. పదకొండింట్లో పైనున్నదాన్ని వాటికి జోడించి ఇచ్చేసింది. సూది దిగేదాకా పక్కనే నిలబడింది.

"ఎలా ఉందన్నా?"

"నేను కుడతానమ్మా, చదవను."

పెద్దావిడ అప్పటికే కిటికీలు మూస్తోంది. పిచ్చుక తల్లి మెట్ల మీదికొచ్చి భర్తకు ఫోన్ చేసింది.

"నా కథ ఇచ్చేశానండీ."

"కథేంటే?"

మూడు నెలల్లో ఆయనకొక్క ముక్క చెప్పలేదు. బాగా కుదిరాక చెబుదామనుకుంది.

"చెప్తాను. పెట్టేయకండి."

"లోడు దించుతున్నానే..."

"దించుతూనే వినండి."

అవతల ఏదో పెట్టె దబ్బున పడింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. లైను ఉందో పోయిందో చూడకుండానే ఆమె చెప్పడం మొదలుపెట్టింది.