మఠంపల్లి పెద్దపులి

మిర్యాలగూడ వడ్ల వ్యాపారి పాండురంగానికి బజార్లో పేరు తెచ్చింది వ్యాపారం కాదు, పులి. పెళ్లైన కొత్తలో వడ్లు కొనడానికి మఠంపల్లి పోయి, మునిమాపు వేళ కృష్ణ ఒడ్డున పెద్దపులికి ఎదురుపడి, ఒక్క అరుపుతో దాన్ని తరిమేశాడని అందరూ చెప్పుకునేవారు. మొదట చెప్పింది ఆయనే. అబద్ధం చెబుతున్నానని ఆయన అనుకోనూ లేదు. పొద కదిలింది, ఏదో మూతి తొంగిచూసింది, ఈయన కెవ్వుమన్నాడు, అది పారిపోయింది. పులి కాకపోతే ఇంకేమిటి? భార్య శ్యామల మాత్రం ఆ కథ మొదలైనప్పుడల్లా లోపల పనుందని లేచిపోయేది.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో సూర్యాపేట టాకీసులో సినిమాల పండుగ పెట్టారు. అందులో ఒకరోజు అడవి జంతువుల సినిమా అని తెలియగానే పాండురంగం ఇంటిల్లిపాదినీ బస్సెక్కించాడు. తల్లి ఆండాళమ్మ, శ్యామల, తమ్ముడు సుదర్శన్, పిల్లలు. దారిలో కండక్టరుకు కూడా పులి సంగతి చెప్పాడు.

తెరమీద పెద్దపులి నీళ్లు తాగి, తలెత్తి, హాలువైపు చూసింది. పాండురంగం బిగుసుకుపోయాడు. ఇంత తలా? ఇంత పంజానా? తాను చూసింది ఇది కాదు. మరేదబ్బా అని ఆలోచిస్తుండగానే పొదలోంచి ఒక నక్క తొంగిచూసి తుర్రుమంది. అదే మూతి. అదే కుచ్చుతోక.

పక్కకు చూస్తే ఇంట్లోవాళ్లెవరూ తెర చూడటం లేదు. తననే చూస్తున్నారు.

"గంత జంతువునా కొడుకా, నువ్వు ఎల్లగొట్టింది?" అంది ఆండాళమ్మ. శ్యామలేమో భర్త చెయ్యి పట్టుకుని సినిమా అయ్యేదాకా వదల్లేదు. నలుగురిలో ఆమె అలా పట్టుకోవడం అదే మొదలు. అలాంటప్పుడు నక్క పేరెత్తడం ఎవరి తరం?

మర్నాడు ఆయన మఠంపల్లి బయల్దేరబోతే శ్యామల గడపకు అడ్డం నిలబడింది.

"ఇగ అటు దిక్కు పోయేది లేదు. ఇన్నేండ్లు నమ్మక సప్పుడు జెయ్యలే. నిన్న కండ్లార సూసిన."

పాండురంగం చేతిలో సంచి కిందపెట్టాడు. మఠంపల్లి అంటే వడ్లొక్కటేనా? స్నేహితులు, పేకాట, ఏటి గాలి, ఇంటి గోల లేని నిద్ర.

"ఏమే, నిజం చెప్తున్న, విను. అది పులి కాదు. నక్క."

శ్యామల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాకు భయమైతదని గిట్ల చెప్తున్నరు. మీ మనసు నాకు తెల్వదా?"

"ఒట్టు, నక్కనే!"

"సూసిన్రా అత్తమ్మా, మీ కొడుకును!"

ఆండాళమ్మ ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చి కొడుక్కి దిష్టి తీసింది.

మఠంపల్లి కొనుగోళ్లు సుదర్శన్‌కు పోయాయి. బయల్దేరేటప్పుడు అతను బిక్కుబిక్కుమంటూ, "అన్నా, ఎదురైతే ఏం జెయ్యాలె?" అన్నాడు. ఇంటివాళ్లూ పక్కింటివాళ్లూ చెవులు రిక్కించారు. పాండురంగం గొంతు సవరించుకుని, పులితో ఎలా మెలగాలో చాలాసేపు చెప్పాడు.

సుదర్శన్ క్షేమంగా తిరిగొచ్చాడు. మళ్లీ పోయాడు. కొన్నాళ్లకు, పొమ్మనకముందే సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. అటువైపు వడ్లు చాలా బాగున్నాయట.